గిన్నెలో ఏముంది? కుక్క, పిల్లి ఆహారంలో పేర్లకూ పోషకాలకూ మధ్య ఉన్న ఎడం

క్లుప్తంగా: కుక్కకూ పిల్లికీ కావలసినవి కొన్ని పోషకాలు, వాటికి తగిన మోతాదుల్లో. కొనేవారి కంట పడేవి మాత్రం పదార్థాల పేర్లు. పెంపుడు జంతువుల ఆహారం చుట్టూ గత యాభై ఏళ్లలో వచ్చిన భయాలు, వివాదాలు చాలావరకు ఈ ఎడం నుంచే పుట్టాయి. కుక్క శరీరం కొంత పొరపాటును సర్దుకుంటుంది, పిల్లి శరీరానికి ఆ వెసులుబాటు తక్కువ. ఏం పెడుతున్నామన్నదానితో పాటు ఎంత పెడుతున్నామన్నదీ వాటి ఆయుష్షును మారుస్తుంది.

ఇంట్లో ఉన్న కుక్కకో పిల్లికో ఏం పెట్టాలని అడిగితే ఇప్పుడు పది జవాబులు వస్తాయి, పదీ ఒకదానితో ఒకటి పొసగవు. ధాన్యం లేని ఆహారమే మేలని ఒక సంచి మీద రాసి ఉంటుంది. ఆ ఆహారమే గుండెకు చేటు చేస్తుందని ఫోనులో ఒక వార్త కనిపిస్తుంది. పచ్చిమాంసమే సహజమని ఒకరు, ఇంట్లో వండిందే శుభ్రమని మరొకరు, శాకాహారం కూడా సరిపోతుందని ఇంకొకరు చెబుతారు. ప్రేమతో పెంచేవారే ఈ గందరగోళంలో ఎక్కువగా నలిగిపోతున్నారు. ఈ మాటలన్నీ పదార్థం పేరు దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. ఆ పదార్థం కడుపులోకి వెళ్లాక ఏమవుతుందో చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఒకే ఇల్లు, రెండు రకాల శరీరాలు

కుక్క, పిల్లి రెండూ మాంసాహార జంతువుల వర్గంలోనివే. అయితే మనిషి పక్కన బతికిన వేల ఏళ్లలో కుక్క జీర్ణశక్తి మారింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమును క్లోమగ్రంథిలో తయారుచేయించే జన్యువుకు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులే ఉంటాయి. కుక్కల్లో అవి నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నట్టు 2013లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం చూపింది. మనిషి పండించిన గింజల్లో మిగిలింది తిని బతకగలిగిన కుక్కలే వృద్ధి చెందాయన్నది దీనికి పరిశోధకులు చెప్పే కారణం. కాబట్టి కుక్కను పొట్టి తోడేలుగా భావించి ఆహారం ఎంచడం సరికాదు.

పిల్లి దారి వేరు. అది మనిషి గాదెల దగ్గరికి వచ్చింది గింజల కోసం కాదు, ఆ గింజల కోసం వచ్చిన ఎలుకల కోసం. తిండి మారలేదు కనుక శరీరమూ పెద్దగా మారలేదు. ప్రొటీన్ తక్కువగా దొరికిన రోజుల్లో చాలా జంతువుల కాలేయం ప్రొటీన్‌ను విడగొట్టే ఎంజైములను బాగా తగ్గించి పొదుపు చేస్తుంది. పిల్లి కాలేయం అంతగా తగ్గించలేదు. తిన్నా తినకపోయినా దాని పొయ్యిలో ప్రొటీన్ మండుతూనే ఉంటుంది. ఆహారంలో చాలకపోతే సొంత కండరాలే కట్టెలవుతాయి.

ప్రొటీన్ మండినప్పుడు అమోనియా పుడుతుంది. దాన్ని యూరియాగా మార్చి బయటకు పంపడానికి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. పిల్లి దాన్ని తగినంత తయారుచేసుకోలేదు. రాత్రంతా ఏమీ తినని పిల్లులకు ఆర్జినిన్ లేని ఆహారాన్ని ఒక్క పూట పెడితే కొద్ది గంటల్లోనే రక్తంలో అమోనియా విషస్థాయికి చేరినట్టు 1978లో ప్రచురించిన ప్రయోగం చూపింది. ఒక్క పూట తిండిలో ఒక్క పోషకం లోపిస్తే ఇంత త్వరగా ప్రాణం మీదికి వచ్చే జంతువులు అరుదు. మాంసంలో ఆర్జినిన్ సమృద్ధిగా ఉంటుంది కనుక ఇళ్లలో ఈ ప్రమాదం దాదాపు ఎదురుకాదు. అయినా పిల్లికి లోపాన్ని సర్దుకునే వెసులుబాటు ఎంత తక్కువో ఈ ప్రయోగం చెబుతుంది.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. క్యారట్‌లోని బీటా కెరోటిన్‌ను కుక్క విటమిన్ ఏగా మార్చుకోగలదు. పిల్లి మార్చుకోలేదు, దానికి జంతువుల కాలేయంలో ఉన్నట్టు తయారైన విటమిన్ ఏ కావాలి. తీపి రుచిని పట్టే గ్రాహకం పిల్లిలో పనిచేయదు. పెద్దయ్యాక పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి చాలా పిల్లుల్లో సన్నగిల్లుతుంది. పిల్లికి పాలగిన్నె అన్న బొమ్మ మన ఊహల్లో ఎంత పాతుకుపోయినా, ఆ గిన్నె తర్వాత వచ్చేది తరచుగా విరేచనాలే.

టారిన్: కంటితో మొదలై గుండె దాకా

పేర్లకూ పోషకాలకూ ఉన్న ఎడాన్ని టారిన్ చరిత్ర చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. టారిన్ మాంసంలో, చేపలో, ముఖ్యంగా గుండె కండరంలో ఉండే పదార్థం. మొక్కల్లో దాదాపు ఉండదు. కుక్క సాధారణంగా ఇతర అమైనో ఆమ్లాల నుంచి దీన్ని తయారుచేసుకుంటుంది. పిల్లి చేసుకోగలిగేది బహు కొద్ది. పైగా రెండు జంతువులూ పైత్యరసంలోని ఆమ్లాలను టారిన్‌తోనే జతచేస్తాయి. ఆ రసం పేగులోకి దిగినప్పుడల్లా కొంత టారిన్ మలంతో పోతూనే ఉంటుంది.

టారిన్ లోపిస్తే పిల్లి కంటిలోని రెటీనా క్షీణిస్తుందని 1975లో తేలింది. తయారీదారులు ఆహారంలో తగినంత టారిన్ ఉండేలా చూశారు, సమస్య తీరిందనుకున్నారు. 1987లో మరో అధ్యయనం వచ్చింది. గుండె కండరం బలహీనపడి, గదులు ఉబ్బిపోయే వ్యాధితో వస్తున్న పిల్లుల రక్తంలో టారిన్ బాగా తక్కువగా ఉందని గుర్తించారు. టారిన్ ఇస్తే గుండె తిరిగి కోలుకుంది. అంతవరకు నయం కానిదిగా భావించిన జబ్బు ఒక అమైనో ఆమ్లంతో నయం కావడం పశువైద్యంలో పెద్ద మలుపు.

ఆ పిల్లుల్లో కొన్ని తిన్న ఆహారంలో అప్పటి ప్రమాణం ప్రకారం చాలినంత టారిన్ ఉంది. డబ్బాలో నింపి గట్టిగా వేడిచేసిన ఆహారం పేగులోని సూక్ష్మజీవుల పనితీరును మారుస్తుంది. అవి టారిన్‌ను ఎక్కువగా నాశనం చేస్తాయి. అందుకే ఆ తర్వాత తడి ఆహారానికి నిర్దేశించిన టారిన్ మోతాదు పొడి ఆహారానికి నిర్దేశించినదానికన్నా దాదాపు రెట్టింపు. మాంసం ఉందా లేదా అన్న ప్రశ్నతో ఇది తేలేది కాదు. ఎంత ఉంది, ఎలా వండారు, ఒంటికి ఎంత అందింది అన్న మూడూ చూడాలి.

శాకాహారం పెట్టవచ్చా అన్న వాదానికీ ఇదే కొలబద్ద. టారిన్‌ను కృత్రిమంగా తయారుచేయవచ్చు, పిల్లుల ఆహారంలో ఇప్పుడు కలిపేది చాలావరకు అదే. జాగ్రత్తగా లెక్కగట్టి తయారుచేసిన మొక్కల ఆహారంతో కుక్కను పోషించడం సాధ్యమే. పిల్లి విషయంలో కలపవలసినవి ఎక్కువ, తప్పు జరిగితే పడే శిక్ష పెద్దది. ఇంట్లో సొంతంగా ప్రయత్నించదగినది మాత్రం అది కానే కాదు.

తృణధాన్యాల మీద పడిన అనుమానం

తెలుగులో పప్పులను కూడా ధాన్యాలనే అంటాం. పెంపుడు జంతువుల ఆహారం మీద ‘ధాన్యం లేనిది’ అని రాస్తే దాని అర్థం గోధుమ, బియ్యం, మొక్కజొన్న వంటి తృణధాన్యాలు లేవని మాత్రమే. వాటి స్థానంలో పిండి కోసం బఠాణీలు, పప్పులు, బంగాళాదుంపలు చేరతాయి. పొడి గుళికలు గుళికలుగా నిలవాలంటే ఏదో ఒక పిండి ఉండి తీరాలి. అంటే ధాన్యం తీసేసినంత మాత్రాన మాంసం పెరిగినట్టు కాదు. ఈ సంగతి సంచి ముందువైపు ఎక్కడా ఉండదు.

2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. జన్యుపరంగా ముప్పులేని జాతుల కుక్కల్లో కూడా గుండె ఉబ్బిపోయే వ్యాధి కనిపిస్తోందని, వాటిలో చాలా కుక్కలు బఠాణీలు, పప్పులు ప్రధానంగా ఉన్న ఆహారం తింటున్నాయని దాని సారాంశం. 2014 జనవరి నుంచి 2019 ఏప్రిల్ దాకా 524 నివేదికలు అందినట్టు 2019 జూన్‌లో ఆ సంస్థ వెల్లడించింది. వాటిలో 515 కుక్కలవి, 9 పిల్లులవి. నివేదికల్లోని ఆహారాల్లో పదింట తొమ్మిదికి పైగా ధాన్యం లేనివే. ఈ వార్త చదివి ఎన్నో ఇళ్లలో ఉలిక్కిపడ్డారు.

తర్వాత పరిశోధన సాగేకొద్దీ చిత్రం చిక్కనైంది. జబ్బుపడిన చాలా కుక్కల రక్తంలో టారిన్ మామూలుగానే ఉంది. గోల్డెన్ రిట్రీవర్ల వంటి కొన్ని జాతుల్లో మాత్రం తక్కువగా కనిపించింది. ఆహారం మార్చాక కొన్ని కోలుకున్నాయి. పప్పుల్లోని పీచు పైత్యరసాన్ని పట్టుకుని టారిన్‌ను బయటకు మోసుకుపోతోందా, లేక మరేదైనా పదార్థం కండరాన్ని దెబ్బతీస్తోందా అన్నది తేలలేదు. నివేదికల సంఖ్య ఒక్కటే కారణాన్ని నిరూపించదని, అర్థవంతమైన కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇకపై ప్రకటనలు చేయబోమని 2022 డిసెంబరులో ఎఫ్‌డీఏ చెప్పింది. వార్తల్లోకి వచ్చిన జబ్బు మీద అందరి కళ్లూ పడి నివేదికలు పెరగడం కూడా సహజమే.

ఇక్కడ తీర్మానించగలిగింది పరిమితమే. ధాన్యం వదిలేయడం వల్ల ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ప్రత్యేకమైన మేలు ఉందని రుజువు లేదు. కుక్కల్లో ఆహారపు ఎలర్జీకి గోధుమ కన్నా పశుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసమే ఎక్కువగా కారణాలవుతాయి. లేని మేలు కోసం తేలని ముప్పును ఎందుకు నెత్తికెత్తుకోవాలన్నది చాలామంది పశువైద్యుల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

లేబుల్ మీది ప్రొటీన్ అంకె

సంచి వెనక వైపు ‘ముడి ప్రొటీన్’ అని ఒక శాతం ఉంటుంది. ప్రయోగశాల సాధారణంగా ప్రొటీన్‌ను నేరుగా కొలవదు. నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో హెచ్చవేస్తుంది. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుందన్నది దీనికి ఆధారం. నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పరీక్షకు తెలియదు. మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనంలో బరువులో మూడింట రెండొంతులు నత్రజనే. అంటే ఒక గ్రాము మెలమిన్ ఈ పరీక్షలో నాలుగు గ్రాములకు పైగా ప్రొటీన్‌గా లెక్కకొస్తుంది.

2007లో జరిగింది ఇదే. చైనా నుంచి వచ్చిన గోధుమ ప్రొటీన్‌లో మెలమిన్ కలిసింది. దానితో పాటు ఉన్న సైయనూరిక్ ఆమ్లంతో కలిసి అది మూత్రపిండాల్లో స్ఫటికాలుగా గడ్డకట్టింది. ఉత్తర అమెరికాలో అనేక కుక్కలు, పిల్లులు చనిపోయాయి, పెద్దఎత్తున ఆహారం వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది చైనాలో అదే మెలమిన్ పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు అస్వస్థులయ్యారు, ఆరుగురు చనిపోయారు. పెంపుడు జంతువుల గిన్నెలో ఏడాది ముందే మోగిన గంట అది.

కల్తీ లేకపోయినా ఆ అంకె పొరబాటు పట్టించగలదు. పది శాతం తేమ, 30 శాతం ప్రొటీన్ ఉన్న పొడి ఆహారాన్నీ, 78 శాతం తేమ, పది శాతం ప్రొటీన్ ఉన్న తడి ఆహారాన్నీ పక్కపక్కన పెడితే మొదటిదే బలమైనదిగా కనిపిస్తుంది. నీటిని తీసేసి లెక్కగడితే మొదటిదానిలో ప్రొటీన్ 33 శాతం, రెండోదానిలో 45 శాతం.

లేబుల్‌లో అసలు వెతకవలసిన వాక్యం చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఇది ఏ వయసు జంతువుకు ‘సంపూర్ణ, సమతుల’ ఆహారం అన్నది. అమెరికాలో ఆఫ్కో (దాణా నియంత్రణ అధికారుల సంఘం), ఐరోపాలో ఫెడియాఫ్ (పెంపుడు జంతువుల ఆహార తయారీదారుల సమాఖ్య) రూపొందించిన పోషక ప్రమాణాలు ఈ మాటకు ఆధారం. ఇది కూడా అంతిమ హామీ కాదు. ఆఫ్కో పద్ధతిలో ఎదిగిన కుక్కలకు ఆ ఆహారం పెట్టి చేసే పరీక్ష 26 వారాలే నడుస్తుంది, కనీసం ఎనిమిది జంతువులు చాలు. ఏడాదికి పైగా పట్టి బయటపడే లోపాన్ని అది పట్టలేకపోవచ్చు. అయినా సంచి ముందు అచ్చువేసిన నిగనిగలాడే మాంసం ముక్క కన్నా ఈ ఒక్క వాక్యం ఎన్నో రెట్లు విలువైనది.

ఇంటి వంట, పచ్చిమాంసం

ఇంట్లో వండి పెట్టాలనుకోవడం వెనక ఉన్నది అక్కరే. అయితే మాంసం ఒక్కటే పెడితే ఎముకలు దెబ్బతింటాయి. ఎముక లేని మాంసంలో భాస్వరం క్యాల్షియం కన్నా పది, ఇరవై రెట్లు ఎక్కువ. శరీరానికి ఆ రెండూ దాదాపు సమానంగా, క్యాల్షియం కాస్త ఎక్కువగా కావాలి. రక్తంలో క్యాల్షియం తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథి దాన్ని ఎముకల నుంచి లాగుతుంది. గుండె, నరాలు నడవాలంటే ఆ క్యాల్షియం తప్పదు మరి. రక్త పరీక్షలో అంకె మామూలుగానే కనిపిస్తూ ఉంటుంది, లోపల ఎముక గుల్లవుతూ ఉంటుంది. మాంసం మాత్రమే తిని పెరిగిన పిల్లికూన సోఫా మీది నుంచి దూకి కాలు విరగ్గొట్టుకునేది ఇందుకే.

కుక్కల కోసం పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో దొరికే 200 ఇంటి వంటకాలను 2013లో అమెరికాలో విశ్లేషిస్తే 190 వంటకాల్లో కనీసం ఒక ముఖ్య పోషకం చాలలేదు. ఇంట్లో వండకూడదని దీని అర్థం కాదు. ఆ జంతువు బరువు, వయసు, జబ్బులు చూసి పశుపోషణ నిపుణులు గ్రాముల్లో రాసిచ్చిన వంటకాన్ని, వారు చెప్పిన ఖనిజ, విటమిన్ మిశ్రమంతో సహా, తు.చ. తప్పకుండా చేయాలని అర్థం. చాలా ఇళ్లలో మొదటి నెల దాటాక నెమ్మదిగా జారిపోయేది ఆ మిశ్రమమే.

పచ్చిమాంసం విషయంలో చిక్కు పోషకాలతో ఆగదు. సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు జంతువును ఏమీ చేయకపోయినా, దాని నోటి ద్వారా, గిన్నె ద్వారా ఇంట్లోని పసివారికీ వృద్ధులకూ అంటవచ్చు. గడ్డకట్టించి నిల్వచేయడం సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే గానీ నమ్మకంగా చంపదు. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక ఇంటి పిల్లి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో చనిపోయింది. గడప దాటని ఆ పిల్లికి వైరస్ అందింది పచ్చి ఆహారం నుంచేనని అధికారులు నిర్ధారించారు.

ఆ చూపుకు కరిగిపోయే చేయి

ఏం పెట్టాలన్న చర్చలో పడి ఎంత అన్నది మరుగున పడుతోంది. ఒక పెంపుడు జంతువుల ఆహార సంస్థ పరిశోధన కేంద్రంలో 48 లాబ్రడార్ కుక్కలను జంటలుగా విడదీశారు. జంటలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ ఆహారం, అదే ఆహారం, జీవితాంతం పెట్టారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల అరుగుదల కూడా మొదటివాటిలో ఆలస్యంగా వచ్చింది. రెండో గుంపు కుక్కలు మరీ ఊబకాయులేమీ కావు, చూసినవారు ‘బొద్దుగా, ముద్దుగా ఉంది’ అనే స్థాయి. ఆ ముద్దు ఖరీదు దాదాపు రెండేళ్ల జీవితం.

ఎక్కువ పెట్టడం అజ్ఞానం వల్లే జరగదు. కుక్క కనుబొమ లోపలి కొసను పైకి లేపే కండరం తోడేలులో దాదాపు లేదని, కుక్కలో బలంగా ఉందని 2019లో శరీర నిర్మాణ పరిశోధకులు చూపారు. ఆ చిన్న కదలికతో కళ్లు పెద్దవై, దిగులుగా కనిపిస్తాయి. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు. తల్లికీ బిడ్డకూ మధ్య పనిచేసే హార్మోనే అది. భోజనాల బల్ల పక్కన నిలబడి చూసే చూపుకు చేయి దానంతటదే కదలడంలో వింతేమీ లేదు. ఆ చూపు అడిగేది ప్రతిసారీ తిండే కానక్కరలేదు, పలకరింపో ఆటో కూడా కావచ్చు.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగు కిలోల పిల్లికి విశ్రాంతిలో రోజుకు సుమారు 200 కిలోకాలరీలు చాలు. ముప్పై గ్రాముల చీజ్ ముక్కలో 120 దాకా ఉంటాయి. మనకు గోరంత అనిపించేది దానికి అరపూట భోజనం కాదు, అరరోజు భోజనం. చిరుతిళ్లు రోజు మొత్తంలో పదో వంతు మించకూడదన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది. పొడి ఆహారాన్ని కప్పుతో కొలిస్తే నింపే తీరును బట్టి రోజుకో లెక్క వస్తుంది, గ్రాముల తూకం నమ్మదగినది.

తగిన బరువును పట్టడానికి యంత్రం అక్కర్లేదు. ఒక చేతి పిడికిలి బిగించి మెటికల మీద రెండో చేతి వేళ్లు జరపండి: పక్కటెముకలు అలా తగిలితే జంతువు చిక్కిపోయింది. అరచేతి వైపు, వేళ్ల మొదళ్ల మీద తడమండి: ఎముక లోపలెక్కడో ఉన్నట్టుంటే బరువు ఎక్కువైంది. చేయి చాచి వెనక వైపు తడిమినప్పుడు పలుచని చర్మం కింద ఎముకలు తెలిసినట్టు తెలిస్తే సరిగ్గా ఉంది. దట్టమైన బొచ్చున్న జాతుల్లో కంటికన్నా ఈ వేళ్లే నమ్మకం.

లావైన పిల్లిని మాత్రం ఉన్నపళంగా పస్తు పెట్టకూడదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంటి కొవ్వు ఒక్కసారిగా కాలేయంలోకి చేరి, దాన్ని స్తంభింపజేస్తుంది. పిల్లి బరువు తగ్గించడం నెలల పని, అదీ పశువైద్యుల పర్యవేక్షణలో.

మనకు మామూలు, వాటికి విషం

చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అనే రసాయనాన్ని మనిషి కుక్క కన్నా త్వరగా వదిలించుకుంటాడు. కుక్క ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలు పడుతుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్‌ను చూసి కుక్క క్లోమం చక్కెర వచ్చిందని పొరబడి ఇన్సులిన్‌ను కుమ్మరిస్తుంది, అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, పిల్లి హిమోగ్లోబిన్ ఈ దెబ్బకు మరీ సున్నితం. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పిల్లి కాలేయంలో పారాసెటమాల్‌ను విరిచే ఎంజైము చాలినంత లేదు, మనిషి మింగే ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. నిజమైన లిల్లీ జాతి పూల పుప్పొడి, ఆ పూలు పెట్టిన నీళ్లు కూడా పిల్లి మూత్రపిండాలకు విషమే. వీటిలో ఏది తిన్నా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యులను సంప్రదించాలి.

దత్తత వచ్చిన తొలి రోజులు

ఆశ్రయ కేంద్రం నుంచో వీధి నుంచో ఇంటికి వచ్చిన జంతువుకు ఇల్లు, వాసనలు, మనుషులు అన్నీ కొత్త. తిండి కూడా ఆ రోజే మార్చితే పేగులోని సూక్ష్మజీవులకు సర్దుకునే వ్యవధి ఉండదు. పాత ఆహారమేదో కనుక్కుని, ఏడు నుంచి పది రోజుల్లో కొత్తదాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ కలపడం మేలు. భయంతో నక్కిన పిల్లి ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే ‘అలవాటు పడుతుందిలే’ అని ఊరుకోకూడదు.

ఎముకల గూడులా దొరికిన జంతువు విషయంలో మనసు చెప్పేదీ శరీరం తట్టుకోగలిగేదీ ఒకటి కాదు. చాలాకాలం పస్తున్న ఒంట్లో భాస్వరం, పొటాషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా కడుపునిండా పెడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో మిగిలిన ఆ కాస్త ఖనిజాలను కణాల్లోకి తోసేస్తుంది. ఎర్ర కణాలు పగిలిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఆకలితో బతికి వచ్చిన ప్రాణి తిండి దొరికిన రెండో రోజో మూడో రోజో చనిపోయేది ఇలాగే. అందుకే పశువైద్యులు మొదటి రోజు విశ్రాంతిలో కావలసిన కాలరీల్లో కొంత భాగంతో మొదలుపెట్టి, దాన్ని చిన్న చిన్న ముద్దలుగా పలుమార్లు పెట్టిస్తారు. రక్తంలో భాస్వరం, పొటాషియం చూసుకుంటూ, కొన్ని రోజులు తీసుకుని పూర్తి భోజనానికి తెస్తారు.